పటిక, మందసం, దివ్వె: మా ఇంటి మాటల్లో మిగిలిపోయిన బౌద్ధం

వేసవిలో కాలవలు కట్టేశాక మా ఊళ్ళో పాటిమన్ను బళ్ళు కదిలేవి. పాటి అంటే పూర్వం ఊరుండి పాడైపోయిన చోటు. అక్కడి మన్ను బూడిద రంగులో పొడిపొడిగా ఉంటుంది. చేలో చల్లితే మంచి ఎరువు. మావయ్య పారతో తవ్వి బండికెత్తుతుంటే నేను పక్కన కూర్చుని మన్ను కెలికేవాణ్ణి. కుండపెంకులు, శంఖు గాజు ముక్కలు, రంగు పూసలు దొరికేవి. అప్పుడప్పుడూ ఇటుకలు బయటపడేవి. మా ఇళ్ళకు వాడే ఇటుకలు వాటి ముందు పిల్లల్లా ఉండేవి. ఒక్కటి ఎత్తాలన్నా నాకు రెండు చేతులూ చాలేవి కావు.

"ఎవరివి మావయ్యా ఇవి?"

"రాకాసి ఇటికెల్రా. పూర్వం వాళ్ళవి."

అంతకుమించి ఎవరికీ తెలియదు. కృష్ణ కింద మా వైపంతా ఇలాంటి దిబ్బలే. భట్టిప్రోలుకు సైకిల్ మీద పోయి రావచ్చు, ఏరు దాటి కొంచెం ఓపిక పడితే ఘంటసాల, ఎగువకు పోతే అమరావతి. వందల ఏళ్ళపాటు భిక్షువులు, భిక్షుణులు తిరిగిన నేల. అయినా నా చిన్నప్పుడు మా ఊళ్ళో బుద్ధుడు అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ, అంతే. ఆ మతం జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయింది.

మాటలు మాత్రం చెరిగిపోలేదు. ఆ సంగతి నాకు పట్టించింది మా హైస్కూలు తెలుగు మాస్టారు.

మా అమ్మమ్మ రోజూ సాయంత్రం కాలవ నీళ్ళ బిందెలో పటిక ముక్క తిప్పేది. కొత్తనీరు వచ్చిన రోజుల్లో బిందెలో నీళ్ళు బురద రంగులో ఉండేవి. దారం కట్టిన పటికను చేత్తో పట్టుకుని లోపల గుండ్రంగా తిప్పి, మూత పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన తేట నీరు నిలిచేది. పటిక అయిపోవస్తే గోరంత ముక్కను కూడా పారెయ్యకుండా గుడ్డలో చుట్టి మందసంలో దాచేది. మందసం అంటే ఆమె కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న చెక్క పెట్టె. ఇత్తడి పట్టీలు, పెద్ద గొళ్ళెం, లోపల కర్పూరం వాసన. పట్టుచీరలు, దస్తావేజులు, తాతయ్య కళ్ళజోడు, అన్నీ అందులోనే. మా పిల్లలం దాని మీద ఎక్కి కూర్చుంటే ఊరుకునేది కాదు.

ఒకరోజు క్లాసులో మాస్టారు భట్టిప్రోలు స్తూపం గురించి చెప్పారు. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన అక్కడ తవ్వితే రాతి పేటికలు దొరికాయని, వాటి మీద క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీ లిపిలో రాత ఉందని, లోపలి స్ఫటికపు భరిణెలో బుద్ధుడి అస్థిక ఉందని. ఆ రాతను బ్యూలర్ అనే జర్మన్ పండితుడు చదివాడు. కుర అనే ఒకతను, వాళ్ళ నాన్న, వాళ్ళ అమ్మ, ఇంకా శివ అనే మనిషి కలిసి చేయించిన దానం అది. మాస్టారు బోర్డు మీద ఆ శాసనంలోని మాటలు రెండు రాశారు: "మజుసం", "ఫాళిగ సముగం".

"సముగం అంటే భరిణె. మిగతావి మీ ఇళ్ళల్లో ఉన్నాయి, చెప్పండి చూద్దాం" అన్నారు.

ఎవరం చెప్పలేదు. ఆయనే విప్పారు. సంస్కృతంలో మంజూష. ప్రాకృతంలో, అంటే ఆనాటి జనం నోటి భాషలో, మజుస. తెలుగు నోట పడి మందసం. సంస్కృతంలో స్ఫటికం. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఫళిక. భట్టిప్రోలు రాతి మీద ఫాళిగ. తెలుగులో పటిక. "పటికబెల్లం తింటున్నారు కదర్రా, అందులో పటిక అదే. గాజులా మెరిసే రాయి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మమ్మ పటిక తిప్పుతుంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. రెండు వేల ఏళ్ళకు పైగా వెనక, మా పక్క ఊళ్ళో ఒక తల్లీ తండ్రీ కొడుకూ బుద్ధుడి ఎముకను దాచడానికి ఏ మాట వాడారో, దాదాపు అదే మాట మా అమ్మమ్మ పట్టుచీరలు దాచే పెట్టెకు వాడుతోంది. మధ్యలో ఎన్ని రాజ్యాలు మారాయో, ఎన్ని మతాలు వచ్చిపోయాయో లెక్కలేదు. ఆ స్తూపం ఇటుకలు రోడ్లకు పోయాయి, పాలరాళ్ళు కాలవ పనులకు పోయాయి. అక్షరం ముక్క రాని ఆడవాళ్ళు ఆ మాటను మాత్రం ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి అందిస్తూ వచ్చారు.

అప్పటి నుంచి నాకు ఇదే పిచ్చి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటూ ఉండేవాణ్ణి, నోటుపుస్తకంలో రాసుకుని మర్నాడు మాస్టారికి చూపించేవాణ్ణి. ఆయన బీరువాలోంచి శబ్దరత్నాకరం నిఘంటువు దింపి, బల్ల మీద పరిచి, వేలితో వరస పట్టుకుని వెతికేవారు. తర్వాత ఆ మాటకు సంస్కృత రూపం, పాళీ రూపం పక్కపక్కన రాసి ఇచ్చేవారు.

"సద్దు చెయ్యకండ్రా, పసివాడు లేస్తాడు" అనేది అమ్మమ్మ. శబ్దం పాళీలో సద్ద. మేం నాగరికంగా "శబ్దం చెయ్యొద్దు" అనేవాళ్ళం, పైగా ఆమె మాట మొరటని నవ్వేవాళ్ళం. బుద్ధుడి ఉపదేశాలు ఏ భాషలో దాచారో ఆ భాషలో ఉన్నది సద్దే. సంస్కృతంలోని శ్రీ పాళీలో సిరి. శాతవాహనుల నాణేల మీదా శాసనాల మీదా రాజు పేరుకు ముందుండేది ఆ సిరే. మా ఊళ్ళో కోడలు కడుపుతో ఉంటే "ఇంటికి సిరి వస్తోంది" అనేవాళ్ళు. ఆజ్ఞ పాళీలో ఆణా. "నా ఆన, అటు పోకు" అని అమ్మమ్మ అడ్డం పడితే అది రాజాజ్ఞకు తక్కువేం కాదు. పూర్ణిమ పుణ్ణమీ అయి మనకు పున్నమి అయింది. ఆశ్చర్యం అచ్ఛరియ అయి అచ్చెరువు అయింది. వైద్యుడు వేజ్జ, పాత తెలుగులో వెజ్జు. పర్వం ప్రాకృతంలో పబ్బ, తెలుగులో పబ్బం. పండగా పబ్బం అని జంటగా అంటాం కానీ రెండో మాట ఎక్కడిదని ఆలోచించం.

వీటిలో నాకు మరీ ఇష్టమైనది గారం. "గారాలు పోకు" అని పిల్లల్ని కసురుకుంటాం, "గారాబం చేసి చెడగొట్టారు" అంటాం. నిఘంటువులో దీని పాత రూపం గారవం. సంస్కృతంలో గౌరవం. పాళీలో అక్షరం తేడా లేకుండా గారవమే. మంగళసుత్తంలో ఉత్తమ మంగళాలు వరసగా చెప్పేచోట "గారవో చ నివాతో చ" అని వస్తుంది. గౌరవం, వినయం అని. బౌద్ధుల ప్రార్థనలో పెద్దల పట్ల చూపే గారవం మన ఇళ్ళల్లోకి వచ్చి పిల్లల మీద చూపే ముద్దుగా మారిపోయింది. ఈ మార్పు నాకు ఎంతో తెలుగుతనంగా అనిపిస్తుంది. మనం గౌరవించాల్సింది పసివాళ్ళనే అని ఎవరో అమ్మమ్మ ఏనాడో తీర్మానించేసి ఉంటుంది.

బత్తెం సంగతి కూడా చెప్పాలి. మా పాలేరు ఊరెళ్ళొస్తే తాతయ్య అడిగే మొదటి మాట "బత్తెం ముట్టిందా?" అని. జీతం వేరు, బత్తెం వేరు. పూటకింత అని ఇచ్చేది బత్తెం. భక్తం అంటే వండిన అన్నం, పాళీలో భత్త. బౌద్ధ విహారాల్లో ఎవరి ఇంట్లో ఏ భిక్షువుకు భోజనమో తేల్చడానికి పుల్లలు పంచేవాళ్ళట. దాన్ని సలాకభత్త అనేవాళ్ళని భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఉంది. ఇప్పుడు ఆఫీసుల్లో రాసే బత్తాలకూ మూలం ఆ అన్నం ముద్దే.

మా ఊరి కొలిమి దగ్గర నిలబడి మాస్టారు చెప్పింది ఇంకా చెవుల్లో ఉంది. నాగలికర్రు సాన పట్టించడానికి వచ్చిన రైతులు చుట్టూ ఉన్నారు. తోలుతిత్తి బుసకొడుతోంది. "కమ్మరి అంటే ఎవరనుకున్నారు? కర్మారుడు, పాళీలో కమ్మార. బుద్ధుడికి ఆఖరి భోజనం పెట్టింది కమ్మరే. చుందుడు. పుస్తకాల్లో చుందో కమ్మారపుత్తో అని ఉంటుంది. ఆ అన్నం తిన్నాక బుద్ధుడికి జబ్బు చేసింది. అయినా చుందుణ్ణి ఎవరూ నింద వెయ్యకూడదని, ఆ భోజనం గొప్ప పుణ్యమని శిష్యుడు ఆనందుడితో చెప్పి మరీ పోయాడు." కొలిమి దగ్గరున్న ఆయన సుత్తె దించి అంతా విన్నాడు. "మావోడేనన్నమాట" అన్నాడు. ఆ రోజు మా కర్రుకు డబ్బు తీసుకోలేదు.

డిగ్రీకి హాస్టల్లో చేరాక తెలంగాణ నుంచి వచ్చిన స్నేహితుడొకడు దొరికాడు. వాడు కరెంటు స్తంభాన్ని "కరెంటు కంబం" అనేవాడు. తోటివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. నాకేమో ఆ మాట వింటే చేతిలో బంగారం పడ్డట్టే ఉండేది. మన ఆంధ్రదేశపు స్తూపాలకు మాత్రమే ఉన్న ప్రత్యేకత ఆయక స్తంభాలు. నాలుగు దిక్కుల్లో వేదికలు, ఒక్కో వేదిక మీద వరసగా ఐదేసి స్తంభాలు. జగ్గయ్యపేట శాసనంలో వీటిని "ఆయకఖంభే" అన్నారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి వాటిని నిలబెట్టించాడు. రాజు పేరు అక్కడ "సిరి వీరపురిసదత". అంటే మూడో శతాబ్దంలో జగ్గయ్యపేట శిల్పి ఖంభ అన్నాడు, నా స్నేహితుడు కంబం అన్నాడు, వెక్కిరించిన మేమంతా బళ్ళో నేర్చుకున్న సంస్కృతం ముక్క పట్టుకుని స్తంభం అన్నాం. ఎవరిది పాత తెలుగో మీరే చెప్పండి.

వాడి ఇంటిపేరు "ఓజు"తో ముగిసేది. వడ్రంగం చేసే కుటుంబం. ఒజ్జ నుంచి వచ్చిన ఓజు అది. ఒజ్జ అంటే గురువు. సంస్కృతంలో ఉపాధ్యాయ, పాళీలో ఉపజ్ఝాయ, ప్రాకృతాల్లో ఓజ్ఝా, తెలుగులో ఒజ్జ. బౌద్ధంలో ఉపజ్ఝాయుడంటే సంఘంలోకి కొత్తగా చేరేవాడికి దీక్ష ఇప్పించి, తండ్రిలా చూసుకునే పెద్ద భిక్షువు. పాత తెలుగు కవులు ఒజ్జ, ఒజ్జబంతి అని వాడారు. తర్వాత్తర్వాత బడిపంతులు ఆ మాటను పోగొట్టుకున్నాడు. ఉలి, బాడిస పట్టిన చేతులు మాత్రం దాన్ని ఇంటిపేరులో పెట్టి కాపాడుకున్నాయి.

ఈ మాట అమరావతిలో ఎదురైనప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అక్కడి శాసనాల్లో ఒక దానం ఉంది. చమ్మకారుడు విధికుడు, అంటే తోలు పని చేసే మనిషి, తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చాడు. ఆ పలకను శాసనం "పట" అంటుంది, మన పటం. విధికుడి తండ్రి పేరు నాగుడు, ఆయనకు "ఉపఝాయ" అని బిరుదు. తోలు పని చేసేవాడి తండ్రి ఒజ్జ. ఈ ఒక్క ముక్కను పట్టుకుని ఆలోచిస్తే నాటి సమాజం గురించి మనకున్న అభిప్రాయాలు కొన్ని కదిలిపోతాయి. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడిమధ్య ఇప్పుడున్నది ఆ విధికుడి పూర్ణఘటమే. ప్రతి సర్కారు కాగితం మీదా ఆయన దానం ఉంది, ఆయన పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

అక్కడి శాసనాలు చాలావాటికి మొదటి మాట "సిధం". దాన్ని చూసినప్పుడు మా అక్షరాభ్యాసం గుర్తొచ్చింది. పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని దిద్దించారు. ఓనమాలు అన్నది అందులోంచి వచ్చిన మాటే. శివుడికి నమస్కారం సరే, ఆ వెనక "సిద్ధం" ఎందుకుందో దిద్దించినవాళ్ళకు తెలియదు. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడి పిల్లలు మొట్టమొదట చదివే పుస్తకాన్ని సిద్ధం అంటారని రాసుకున్నాడు. బౌద్ధులకూ జైనులకూ కూడా చదువు ఆ మాటతోనే మొదలు. శైవం వచ్చి ముందు తన మాట చేర్చింది, పాత మాటను తీసెయ్యలేదు. రెండూ కలిసి మా వేళ్ళ మీదుగా బియ్యంలోకి దిగాయి.

అన్ని మాటలూ ఇంత గౌరవంగా బతకలేదు. ఇది రాస్తుంటే బాధగా ఉంటుంది, కానీ వదిలెయ్యలేను. ఏమీ చేతకాకుండా కూర్చున్నవాణ్ణి మా ఊళ్ళో "బుద్ధావతారం" అనేవాళ్ళు. పిల్లలందరం ఆ తిట్టు తిన్నవాళ్ళమే. పాషండుడు అంటే తెలుగులో దుర్మార్గుడు, వేదాన్ని తిట్టేవాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్న అశోకుడి శాసనాల్లో పాషండ అంటే కేవలం ఒక మతశాఖ. అన్ని పాషండాలనూ గౌరవించాలి, తన పాషండాన్ని పొగుడుకుంటూ ఎదుటివాడిదాన్ని తిట్టేవాడు తనదానికే చెరుపు చేసుకుంటాడు అని ఆయన చెక్కించాడు. ఆ మాట చెప్పడానికి వాడిన పదమే చివరికి తిట్టయింది. అశోకుడి బిరుదు "దేవానాంప్రియ"కు సంస్కృత వ్యాకరణంలో మూర్ఖుడని అర్థం కట్టారు. ఓడిపోయిన మతానికి గుళ్ళే కాదు, మాటలు కూడా దక్కవు.

దిబ్బల పేర్లలోనూ ఇదే కథ. అమరావతి స్తూపాన్ని స్థానికులు దీపాలదిన్నె అన్నారు. ఎంత మంచి పేరో! జగ్గయ్యపేట స్తూపం ఉన్న గుట్ట ధనబోడు. నిధి ఉందని జనం నమ్మకం. గుంటుపల్లి గుహలో ఉన్న స్తూపం ధర్మలింగేశ్వరుడై పూజలందుకుంటోంది. పేరులో ధర్మం మిగిలింది కదా అని నాకు తృప్తి. కానీ భట్టిప్రోలు దిబ్బను, ఘంటసాల దిబ్బను జనం పిలిచిన పేరు లంజదిబ్బ. పురావస్తు నివేదికల్లో ఆ పేరుతోనే ఉంది. మా అమ్మమ్మ ఆ మాట నోట రానిచ్చేది కాదు, "ఆ దిబ్బ" అని ఊరుకునేది. ఎవరో వేశ్య కట్టించిందని ఊరి కథ. బౌద్ధ భిక్షుణులను కించపరచడానికి పుట్టిన పేరని మరికొందరంటారు. నేను ఈ రెండో మాట వైపే మొగ్గుతాను. ఎందుకంటే అమరావతి రాళ్ళ మీద దానాలు చేసినవాళ్ళలో "భిఖుని", "పవజితిక" అని రాయించుకున్న ఆడవాళ్ళు ఎందరో. ఇల్లు వదిలి, తల గొరిగించుకుని, చదువుకుని, తమ పేరు మీద రాతిని చెక్కించుకున్న ఆడవాళ్ళు. అలాంటి ఆడవాళ్ళను లోకం ఏ మాటతో పిలుస్తుందో ఈనాడు కూడా చూస్తూనే ఉన్నాం.

మా మేనత్తను అనకాపల్లి వైపు ఇచ్చారు. సంక్రాంతి సెలవులకు ఒకసారి అక్కడికి వెళ్ళాను. ఆమె మాట అప్పటికే మారిపోయింది. "బేగి రా బాబూ", "ఆ గుంటలకి పెట్టావేటి?" అంటుంటే వినడానికి కొత్తగా, తియ్యగా ఉండేది. బేగి అంటే వేగిరం, గుంటలంటే పిల్లలు. కనుమ రోజు అందరూ బొజ్జన్నకొండకు బయల్దేరారు. ఊరి పేరు శంకరం. సంఘారామం, అంటే భిక్షువులుండే చోటు, నలిగి నలిగి శంకరం అయింది. పక్క కొండ లింగాలకొండ. కొండ రాతినే తొలిచిన చిన్నా పెద్దా స్తూపాలు వరసగా నిలబడి ఉంటాయి, జనం కంటికి అవి లింగాలు. బుద్ధన్నకొండే బొజ్జన్నకొండ అయిందని అంటారు.

"బొజ్జన్న ఎవరు మామ్మా?" అని అత్త వాళ్ళ అత్తగారిని అడిగాను.

"పెద్ద బొజ్జ ఉన్నోడు బాబూ. రాచ్చసుడు" అంది ఆవిడ.

కనుమ నాడు అక్కడ బొజ్జ అనుకునే ఆకారం మీద రాళ్ళు విసిరే ఆచారం అక్కడ చాలాకాలం ఉండేది. రాళ్ళు పడిన చోటు పక్కనే గుహలో, ధ్యానంలో కూర్చున్న బుద్ధుడి శిల్పాలు ఉన్నాయి. వారసత్వ కట్టడాల మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఊరూరా తిరిగి నచ్చజెప్పి ఆ అలవాటు మాన్పించారు. ఆ పని చేసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రాకృతం నుంచి వచ్చిన ప్రతి మాటా బౌద్ధం కాదు. శాతవాహనుల రాజ్యంలో రాజు ఆజ్ఞలు ప్రాకృతంలోనే వెలువడ్డాయి, వర్తకులూ అదే మాట్లాడారు, జైనులూ అదే రాశారు. సిరి, సద్దు, ఆన ఏ దారిన వచ్చాయో తేల్చి చెప్పే వీలు లేదు, బహుశా అన్ని దారులా వచ్చి ఉంటాయి. కొందరు ఉత్సాహంతో ఊరి పేరులో ఆరామం కనిపిస్తే చాలు, మాటలో "బో" వినిపిస్తే చాలు బుద్ధుడికి కట్టేస్తారు. మాస్టారు దీన్ని ఒప్పుకునేవారు కాదు. "ధ్వని కలిస్తే చాలదు, అర్థం కలవాలి, పాత రాతలో ఆధారం ఉండాలి" అనేవారు. ఆ మూడూ కుదిరినవే నా నోటుపుస్తకంలో ఉంచాను. మిగతావి కొట్టేశాను.

ఆయన రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయాక కూడా సెలవుల్లో వెళ్ళి కలిసేవాణ్ణి. కళ్ళు బాగా తగ్గాయి. నేను చదివితే వినేవారు. నిఘంటువులో "నిచ్చలు" అనే మాట చదివి వినిపించినప్పుడు చాలా సంబరపడ్డారు. నిత్యం పాళీలో నిచ్చ, పాత తెలుగులో నిచ్చలు, అంటే ఎల్లప్పుడూ. బౌద్ధానికి మూలస్తంభం "అనిచ్చ", ఏదీ నిత్యం కాదన్న మాట. "చూశావా, తెలుగువాడు అనిచ్చను వదిలేసి నిచ్చను ఉంచుకున్నాడు" అన్నారు. ఇప్పుడు నిచ్చలు కూడా ఎవరి వాడుకలోనూ లేదు.

మా ఇద్దరికీ ఎప్పటికీ కుదరని వాదన ఒకటుండేది. బుద్ధుడు చివరి రోజుల్లో ఆనందుడితో అన్న మాట, "అత్తదీపా విహరథ". పాళీలో దీప అంటే రెండర్థాలు. ఒకటి దీపం, రెండోది ద్వీపం. మీకు మీరే దీపమై ఉండండి అనీ చెప్పుకోవచ్చు, మీకు మీరే ద్వీపమై ఉండండి అనీ చెప్పుకోవచ్చు. తెలుగు ఈ రెంటినీ విడదీసి రెండూ ఉంచుకుంది. దీపం దివ్వె అయింది, ద్వీపం దివి అయింది. మా ఎదుటి ఒడ్డున ఉన్న దివిసీమ ఆ దివే.

మాస్టారిది దివ్వె పక్షం. చదువు చెప్పినవాడికి దీపం కంటే దగ్గరి మాట ఏముంటుంది అనేవారు. దీపాలదిన్నెను కూడా సాక్ష్యానికి పిలిచేవారు. నాది దివి పక్షం. ఆ ఉపదేశం సంస్కృత పాఠంలో "ఆత్మద్వీప" అనే ఉందని చూపించాను. అంతకంటే పెద్ద కారణం నాకు ఇంకొకటుంది. కృష్ణ కింద పుట్టినవాణ్ణి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెత్తింది. వేలమంది పోయారు. మా బంధువుల ఊళ్ళ నుంచి కబురు తెలియక ఇంట్లో ఎవరూ అన్నం తినని రోజులు నాకు గుర్తున్నాయి. చుట్టూ నీళ్ళున్నప్పుడు మనిషి వెతుక్కునేది వెలుతురును కాదు మాస్టారూ, కాలు మోపడానికి మెరక అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "నీ వైపు వాళ్ళకు దివి, మా మెట్ట వాళ్ళకు దివ్వె, పాళీవాళ్ళు తెలివైనవాళ్ళు, ఒక్క మాటతో సరిపెట్టారు" అని నోటుపుస్తకంలో రెండూ రాయించారు.